పంతొమ్మిదేళ్లు నిండకముందే ప్రపంచాన్ని గెలిచిన పిల్ల

మీ అమ్మాయి రేపు ఫైనల్ ఆడబోతోంది అనుకోండి. టెన్నిసే కానక్కర్లేదు, క్విజ్ కావచ్చు, స్పెల్లింగ్ పోటీ కావచ్చు. అవతలి పిల్ల గట్టిది. పైగా మీ అమ్మాయికి ఆ పిల్లంటే ఇష్టం, ఆమెలా ఆడాలని ఆశ. ఈ రాత్రి మీరు ఒక్క చిన్న అబద్ధం ఆడితే చాలు. ఆ పిల్ల నీ గురించి చులకనగా మాట్లాడిందట అని మెల్లగా చెవిన వేస్తే చాలు. రేపు మీ అమ్మాయి కసిగా ఆడి గెలిచి వస్తుంది. మరి వేస్తారా?

ఛీ, అలా ఎలా చేస్తాం అని వెంటనే అనేయకండి. 1951లో న్యూయార్క్‌లో ఒక పేరున్న కోచ్ సరిగ్గా ఇదే పని చేసింది. ఆ అబద్ధం పనిచేసింది కూడా. పదహారేళ్ల అమ్మాయి అమెరికా చాంపియన్ అయింది. ఆ అమ్మాయి పేరు మోరీన్ కానలీ. టెన్నిస్ ప్రపంచం ఆమెను ముద్దుగా లిటిల్ మో అని పిలుచుకుంది. ఈ నెల మీకు చెప్పాలనుకున్నది ఆమె కథే.

మోరీన్ 1934 సెప్టెంబర్ 17న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ డియేగోలో పుట్టింది. ఊహ తెలిసే వయసుకే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి జెస్సమీన్ దగ్గరే పెరిగింది. జెస్సమీన్‌కు సంగీతమంటే ప్రాణం. కూతుర్ని కూడా ఆ దారిలోనే నడిపించాలని ఆమె కోరిక. తాము అందుకోలేనిది పిల్లలు అందుకోవాలనుకోవడం ఏ దేశపు తల్లికైనా సహజమే కదా. కానీ ఆ పిల్లకు మాత్రం గుర్రాల పిచ్చి. గుర్రపుస్వారీ నేర్పించమని ఇంట్లో ఒకటే గొడవ. ఆ పాఠాలకు ఫీజు కట్టే స్తోమత తల్లికి లేదు.

ఇంటికి దగ్గర్లోనే మున్సిపాలిటీ టెన్నిస్ కోర్టులు ఉండేవి. డబ్బు పెట్టక్కర్లేదు. పదేళ్ల మోరీన్ అక్కడ నిలబడి పెద్దవాళ్ల ఆట చూసేది. ఆ కోర్టుల్లో విల్బర్ ఫోల్సమ్ అనే కోచ్ ఉండేవాడు. ఆ పిల్ల చూపు కనిపెట్టి రాకెట్ చేతికిచ్చింది ఆయనే. మోరీన్ ఎడమచేతి వాటం పిల్ల. కుడిచేత్తో ఆడమని ఫోల్సమ్ మార్పించాడు. ఇవాళ ఏ కోచ్ అయినా ఎడమచేతి వాటాన్ని బంగారంలా కాపాడతాడు. ఆ రోజుల్లో అలా ఆలోచించేవాళ్లు తక్కువ. చిత్రమేమిటంటే, తర్వాత ప్రపంచాన్ని వణికించింది ఆ అరువు చెయ్యే.

ఆటలో ఆమెకు పెద్ద సర్వీస్ లేదు. నెట్ దగ్గరికి ఉరికి ఆడటం కూడా అంతగా ఇష్టపడేది కాదు. వెనక గీత దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ అటు మూలకీ ఇటు మూలకీ గురిచూసి బలంగా కొట్టేది. మళ్లీ కొట్టేది. ఎదుటివాళ్లు అలిసి తప్పు చేసేదాకా కొడుతూనే ఉండేది. ఇలాంటి ఆట ఒక్కరోజులో రాదు. స్కూలు అయిపోగానే కోర్టుకు రావడం, చీకటి పడేదాకా ఆడటం, ఏళ్ల తరబడి ఇదే దినచర్య. పదకొండేళ్ల వయసులోనే శాన్ డియేగో పత్రికలో క్రీడావార్తలు రాసే నెల్సన్ ఫిషర్ ఆమెకు లిటిల్ మో అని పేరు పెట్టాడు. అమెరికా నౌకాదళంలో మిస్సోరీ అనే యుద్ధనౌక ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు జరిగింది దాని మీదే. దాని ముద్దుపేరు బిగ్ మో. ఈ చిన్నపిల్ల దెబ్బలు ఆ నౌక ఫిరంగుల్లా ఉన్నాయని ఆయన భావం. పేరు అతికినట్టు సరిపోయింది.

తర్వాత ఆమె ఎలియనార్ టెనంట్ చేతికి వచ్చింది. అందరూ ఆమెను టీచ్ అని పిలిచేవారు. హాలీవుడ్ తారలకు టెన్నిస్ నేర్పింది, అంతకుముందే ఆలిస్ మార్బుల్‌ను చాంపియన్‌గా తీర్చిదిద్దింది. ఆమె దగ్గర శిక్షణ దొరకడమే అదృష్టమని అనుకునేవారు. టెనంట్ పని నేర్పడంలో దిట్ట, అందులో సందేహం లేదు. పద్నాలుగేళ్లకే మోరీన్ వరుసగా 56 మ్యాచ్‌లు గెలిచింది, 1949లో పద్దెనిమిదేళ్లలోపు బాలికల జాతీయ చాంపియన్ అయింది. అంతవరకు ఆ టైటిల్ గెలిచినవాళ్లలో ఆమే చిన్నది.

అయితే టెనంట్ దగ్గర ఇంకో పాఠం కూడా ఉండేది. తోటి ఆటగాళ్లతో స్నేహం వద్దు. వాళ్లతో కలిసి నవ్వితే రేపు కోర్టులో చెయ్యి మెత్తబడుతుంది. అవతలివాళ్లను ద్వేషించు, అప్పుడే గెలుస్తావు. ఇది పదిహేనేళ్ల పిల్లకు రోజూ అందే మందు. ఆ పిల్లకు తండ్రి దగ్గర లేడు. గుర్తింపు కోసం ఆరాటం ఉంది. కోచ్ చెప్పిందే వేదం.

ఇక 1951కి వద్దాం. న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో అమెరికా జాతీయ చాంపియన్‌షిప్, అంటే ఇప్పటి యుఎస్ ఓపెన్. సెమీఫైనల్‌లో మోరీన్‌కు ఎదురుపడింది డోరిస్ హార్ట్. డోరిస్ గురించి ఒక్కమాట చెప్పాలి. పసితనంలో మోకాలికి ఇన్‌ఫెక్షన్ సోకి ఆమె కాలు దెబ్బతింది. కాలికి బలం వస్తుందని టెన్నిస్ మొదలుపెట్టింది. ఆ కాలితోనే ఆ ఏడాది వింబుల్డన్‌లో సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ మూడూ గెలిచింది. మోరీన్‌కు ఆమె ఆరాధ్య దేవత. సరిగ్గా ఆ మ్యాచ్‌కు ముందు టెనంట్ మోరీన్‌కు ఒక మాట చేరవేసింది. డోరిస్ నిన్ను గారాబంతో చెడిపోయిన పిల్ల అంటోంది, నీ పని పడతానంటోంది అని.

అది శుద్ధ అబద్ధం. డోరిస్ అలాంటి మాట అననే లేదు. కానీ మోరీన్‌కు అది తెలియదు. రెండు సెట్లలో, 6-4, 6-4తో డోరిస్‌ను ఓడించింది. ఫైనల్‌లో షర్లీ ఫ్రైతో మూడు సెట్లు పోరాడి 6-3, 1-6, 6-4తో గెలిచింది. పదిహేడో పుట్టినరోజుకు ఇంకా కొన్ని రోజులుంది. ఆ టైటిల్ గెలిచిన అతి చిన్న వయస్కురాలిగా ఆమె రికార్డు 1979లో ట్రేసీ ఆస్టిన్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ద్వేషం ఆమెను గెలిపించలేదని చెప్పడం తేలిక. ఆ రోజుకైతే గెలిపించినట్టే ఉంది. చిక్కు ఏమిటంటే, దాని ఖర్చు ఆ రోజు స్కోరుబోర్డు మీద కనపడదు. మోరీన్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నదాన్ని బట్టి చూస్తే, ఆ రోజుల్లో ఆమెను నడిపించింది ఆట మీద ప్రేమ కాదు. ఓడిపోతే ఏమవుతుందోనన్న భయం, ఎదురుగా ఉన్న మనిషి మీద కోపం. ఆరాధించిన మనిషి తనను అలా అందని నమ్ముతూ ఎంతోకాలం బతికింది. అది అబద్ధమని తర్వాత ఎప్పుడో తెలిసింది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. మ్యాచ్ మళ్లీ ఆడుకోవచ్చు. పదహారేళ్ల వయసులో పోయిన నమ్మకం అలా తిరిగి రాదు.

1952 వేసవిలో ఆమె మొదటిసారి వింబుల్డన్‌కు వెళ్లింది. టోర్నమెంట్‌కు ముందే భుజం నొప్పి మొదలైంది. ఆడొద్దని, తప్పుకోమని టెనంట్ పట్టుబట్టింది. మోరీన్ వినలేదు. పదిహేడేళ్ల పిల్ల పత్రికలవాళ్లను పిలిచి, టెనంట్ ఇక తన కోచ్ కాదని, తన తరఫున ఆమె మాట్లాడకూడదని చెప్పేసింది. లండన్ పత్రికలకు అదో పెద్ద వార్త. అంతకాలం ఎవరి మాట దాటనివ్వని పిల్ల ఒక్కసారిగా ఒంటరిగా నిలబడింది. మీ ఇంట్లో ఈ వయసు పిల్లలుంటే, ఆ క్షణంలో ఆమె గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి మ్యాచ్‌లలో ఆమె తడబడింది. బ్రిటన్ అమ్మాయి సూసన్ పార్ట్రిడ్జ్‌తో మూడో సెట్‌లో ఓటమి అంచున నిలిచింది. ప్రేక్షకులంతా సొంత దేశపు అమ్మాయి వైపే. అలాంటప్పుడు గ్యాలరీలోంచి అమెరికన్ వైమానిక దళపు కుర్రాడొకడు గట్టిగా అరిచి ఆమెకు ధైర్యం చెప్పాడు. తల తిప్పి చూసింది. ముక్కూమొహం తెలియని మనిషి. తన కోసం అరుస్తున్నాడు. ఆ మ్యాచ్ నెగ్గింది. ఫైనల్‌లో లూయీస్ బ్రఫ్‌ను 7-5, 6-3తో ఓడించి వింబుల్డన్ గెలిచింది. అందరూ తన ఓటమి కోరుకుంటున్నారని నూరిపోయించుకున్న పిల్లకు, ఎవరో ఒకరు తన గెలుపు కోరుకుంటున్నారని తెలియడం ఎంత పెద్ద విషయమో ఊహించండి. శాన్ డియేగోకు తిరిగొస్తే ఊరంతా స్వాగతం పలికింది. చిన్నప్పుడు ఆమెకు అందని దాన్ని ఊరివాళ్లు కానుకగా ఇచ్చారు. ఒక గుర్రం. దాని పేరు కల్నల్ మెర్రీబాయ్.

ఆ తర్వాత ఆమె ఆస్ట్రేలియా డేవిస్ కప్ జట్టు కెప్టెన్ హ్యారీ హాప్‌మన్ దగ్గర శిక్షణకు చేరింది. ఆయన భార్య నెల్ ఆమెతోపాటే టోర్నమెంట్లకు తిరిగేది. ఫిట్‌నెస్ విషయంలో హాప్‌మన్ చండశాసనుడు. ఆయన దగ్గర కష్టం ఏమీ తగ్గలేదు. కానీ ఎదుటివాళ్లను అసహ్యించుకోవాలన్న నియమం మాత్రం పోయింది. మోరీన్ తోటి ఆటగాళ్లతో కలవడం మొదలుపెట్టింది.

అప్పుడు ఏం జరిగిందో చూడండి. 1953 జనవరిలో ఆస్ట్రేలియా చాంపియన్‌షిప్ ఫైనల్‌లో జూలియా సాంప్సన్‌ను 6-3, 6-2తో ఓడించింది. అదే జూలియాతో జతకట్టి డబుల్స్ కూడా గెలిచింది. పారిస్‌లో ఫ్రెంచ్ ఫైనల్, ఎదురుగా డోరిస్ హార్ట్. 6-2, 6-4. వింబుల్డన్ ఫైనల్, మళ్లీ డోరిస్. 8-6, 7-5. ఆ రోజుల్లో మహిళల ఫైనల్స్‌లో అంత గొప్పది లేదని చూసినవాళ్లు చెప్పుకున్నారు. సెప్టెంబర్‌లో ఫారెస్ట్ హిల్స్ ఫైనల్, మరోసారి డోరిస్. 6-2, 6-4. ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద టోర్నమెంట్లూ ఆమెవే. దీన్నే గ్రాండ్‌స్లామ్ అంటారు. అంతకుముందు ప్రపంచం మొత్తంలో ఒక్కరే సాధించారు, 1938లో డాన్ బడ్జ్. మహిళల్లో ఆమే మొదటిది. నాలుగు టోర్నమెంట్లలో కలిపి ఆమె పోగొట్టుకున్నది ఒకే ఒక్క సెట్. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు నిండలేదు.

ద్వేషం పోతే చెయ్యి మెత్తబడుతుందని టెనంట్ భయపడింది కదా. ఆ చెయ్యి ఎంత మెత్తబడిందో ఈ లెక్కలే చెబుతాయి.

అన్నట్టు, అదే 1953 వింబుల్డన్‌లో ఇంకో స్కోరు ఉంది. ఎవరూ పెద్దగా గుర్తుచేయరు, నాకు మాత్రం ఎందుకో చాలా ఇష్టం. డబుల్స్ ఫైనల్‌లో మోరీన్, జూలియా ఒకవైపు. డోరిస్ హార్ట్, షర్లీ ఫ్రై మరోవైపు. మోరీన్ జంట 6-0, 6-0తో ఓడిపోయింది. ఒక్క గేమ్ కూడా గెలవలేదు. ప్రపంచంలో ఎవరూ ఓడించలేని అమ్మాయి కూడా జీరో మార్కులు తెచ్చుకున్న రోజు ఒకటి ఉంది. వచ్చే యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికొచ్చినప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి.

1954లో ఫ్రెంచ్ చాంపియన్‌షిప్ మళ్లీ గెలిచింది. ఈసారి డబుల్స్‌లో ఆమె జోడీ ఎవరో తెలుసా? ఊరూరా తనకు తోడుగా తిరిగిన నెల్ హాప్‌మన్. ఆ టైటిలూ వాళ్లదే. జూలైలో వింబుల్డన్ మూడోసారి, లూయీస్ బ్రఫ్ మీద 6-2, 7-5. మొత్తం మీద ఆమె ఆడిన పెద్ద సింగిల్స్ టోర్నమెంట్లు పదకొండు. చిన్నతనంలో ఆడిన మొదటి రెండూ పోయాయి. తర్వాతి తొమ్మిదీ వరుసగా గెలిచింది.

ఇప్పటి పిల్లలకు వింతగా అనిపించే సంగతి ఒకటుంది. ఇన్ని గెలిచినా ఆమెకు ప్రైజ్ మనీ అంటూ ఏమీ రాలేదు. 1968 దాకా ఈ పెద్ద టోర్నమెంట్లన్నీ అమెచ్యూర్లకే. డబ్బు తీసుకుని ఆడితే ప్రొఫెషనల్ అంటారు, ఇక వింబుల్డన్ గడప తొక్కనివ్వరు. ప్రొఫెషనల్స్ ఊరూరా తిరిగి ఇండోర్ హాళ్లలో టికెట్ల మీద ఆడుకునేవారు. పేరు కావాలంటే డబ్బు వదులుకోవాలి, డబ్బు కావాలంటే వింబుల్డన్ వదులుకోవాలి. మోరీన్ ఆ ఏడాది ఫారెస్ట్ హిల్స్‌లో ఆడేశాక ప్రొఫెషనల్‌గా మారాలని అనుకుంది. డబ్బులేక గుర్రపుస్వారీ మానుకున్న ఇల్లు ఆమెది. ఆ నిర్ణయం అర్థం చేసుకోదగ్గదే.

1954 జూలై 20. వింబుల్డన్ గెలిచి మూడు వారాలు కూడా కాలేదు. ఇంటికి వచ్చిన మోరీన్ శాన్ డియేగోలో స్నేహితులతో కలిసి గుర్రం మీద షికారు వెళ్లింది. ఊరు కానుకగా ఇచ్చిన కల్నల్ మెర్రీబాయ్ మీదే. సిమెంట్ కాంక్రీటు లారీ ఒకటి వచ్చింది. గుర్రం బెదిరింది. లారీకీ గుర్రానికీ మధ్య ఆమె కుడికాలు నలిగింది. ఎముక విరిగింది, కండరాలు తెగిపోయాయి. ఆమె వయసు పంతొమ్మిది.

ఆ సెప్టెంబర్‌లో ఫారెస్ట్ హిల్స్ ఆమె లేకుండానే జరిగింది. అంతకుముందు అయిదుసార్లు ఆ టోర్నమెంట్ ఫైనల్‌దాకా వచ్చి ఓడిపోయిన డోరిస్ హార్ట్ ఆ ఏడాది గెలిచింది. మరుసటి ఏడాది కూడా గెలిచింది.

మోరీన్ ఆశ వదులుకోలేదు. కాలికి బలం రావడానికి వ్యాయామాలు చేసింది, డ్యాన్స్ కూడా సాధన చేసింది. నడక వచ్చింది. మామూలుగా ఆడటమూ వచ్చింది. కానీ అటు మూలకీ ఇటు మూలకీ పరిగెత్తి ఆగి మళ్లీ పరిగెత్తే ఆ వేగం రాలేదు. ఆమె ఆటంతా ఆ పరుగులోనే ఉంది. 1955 ఫిబ్రవరిలో రిటైర్ అవుతున్నట్టు ప్రకటించింది. ఇరవై ఏళ్లు.

తర్వాత కోర్టుకెళ్లింది, ఈసారి న్యాయస్థానానికి. లారీ కంపెనీ మీద వేసిన దావాలో అసలు చిక్కు ఇది. ఆమె ఇంకా ప్రొఫెషనల్ కాలేదు. రూపాయి సంపాదించని మనిషికి సంపాదన నష్టం ఎలా లెక్కకడతారు? జరగని కెరీర్‌కు ఎంత విలువ? జ్యూరీ 95,000 డాలర్లు ఇవ్వాలని తేల్చింది. కంపెనీ పైకి వెళ్లింది. 1957లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా అదే తీర్పును ఖాయం చేసింది. ఆడని మ్యాచ్‌లకు విలువ కట్టిన అరుదైన కేసు అది.

1955లోనే ఆమె నార్మన్ బ్రింకర్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన 1952 అమెరికా ఒలింపిక్ గుర్రపుస్వారీ జట్టు సభ్యుడు. గుర్రం వల్లే ఆట పోయిన మనిషి గుర్రపురౌతునే పెళ్లాడింది. గుర్రాల మీద ఆమెకు కోపం రాలేదన్నమాట. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. తర్వాత కుటుంబం టెక్సస్‌లోని డల్లస్‌లో స్థిరపడింది. పిల్లల్ని పెంచుకుంటూనే పత్రికలకు రాసింది, ఊళ్లోని పిల్లలకు టెన్నిస్ నేర్పింది. ఒకప్పుడు తనకు పక్క కోర్టు పిల్లతో మాట్లాడటానికి అనుమతి లేదు. ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు కలిసే ఆడారు, కలిసే తిరిగారు.

1966లో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్లు జరిగాయి. తగ్గిందనుకున్నారు, మళ్లీ వచ్చింది. ఆ మధ్యలోనే, 1968లో, స్నేహితురాలు నాన్సీ జెఫెట్‌తో కలిసి డల్లస్‌లో తన పేరున ఫౌండేషన్ మొదలుపెట్టింది. ఎదుగుతున్న చిన్నపిల్లలకు ఆట నేర్చుకునే, టోర్నమెంట్లు ఆడే అవకాశం ఇవ్వడం దాని పని. లిటిల్ మో పేరుతో పన్నెండేళ్లలోపు పిల్లలకు ఆ ఫౌండేషన్ టోర్నమెంట్లు ఇప్పటికీ జరుగుతున్నాయి. డబ్బు లేక మున్సిపల్ కోర్టు గట్టున నిలబడి చూసిన పదేళ్ల పిల్లను ఆమె మరిచిపోలేదు. అదే 1968లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. వింబుల్డన్ తలుపులు ప్రొఫెషనల్స్‌కు తెరుచుకున్నదీ ఆ ఏడాదే. ఆమె పద్నాలుగేళ్లు ముందు పుట్టింది, అంతే.

1969 జూన్ 21న, శనివారం నాడు, డల్లస్‌లో మోరీన్ కానలీ బ్రింకర్ కన్నుమూసింది. ముప్పై నాలుగేళ్లు. సోమవారం వింబుల్డన్ మొదలైంది. సింగిల్స్‌లో ఆమె ఒక్క మ్యాచ్ కూడా ఓడని టోర్నమెంట్ అది.